ఊళ్ళో పార్టీల పగ ఎప్పుడు హింసగా మారుతుంది?

మిగతా పాఠకులకు సందర్భం తెలియాలి కనుక మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. అమలాపురానికి దగ్గరలో ఉన్న మీ ఊరు ఎన్నికల తరువాత రెండు పార్టీలుగా విడిపోయింది. కాలువ వంతెన దగ్గర కట్టిన ఒక నాయకుడి ఫ్లెక్సీని రాత్రివేళ ఎవరో చించారు. చించింది ఎవరో తేలకముందే రెండు వైపులా కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద గుంపులుగా తిరగడం మొదలుపెట్టారు. మీ తమ్ముడు ఒక పార్టీలోనూ, మీ బాబాయిగారి అబ్బాయి మరొక పార్టీలోనూ ఉండి మాట్లాడుకోవడం మానేశారు. పెద్దలు మాత్రం "రాజకీయమన్నాక ఇవన్నీ మామూలే" అంటున్నారు. ఇది కొట్లాటల దాకా వెళ్తుందా, వెళ్ళకుండా ఒక సామాన్య కుటుంబం చేయగలిగింది ఏమైనా ఉందా అని మీరు అడిగారు.

నేను రెవెన్యూ శాఖలో గోదావరికి రెండు వైపులా తహసీల్దారుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. తహసీల్దారు మండలానికి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా కనుక శాంతి కమిటీలు, బైండోవర్ కేసులు (శాంతిగా ఉంటామని పూచీ రాయించుకునేవి), నిషేధాజ్ఞలు నా ఉద్యోగంలో భాగంగానే ఉండేవి. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ పెద్దల మాటలో సగమే నిజం. వాదన తీవ్రంగా ఉన్నంత మాత్రాన ఊరు ప్రమాదంలో పడదు. డెల్టా గ్రామాల్లో కాఫీ హోటలు దగ్గరా, రావిచెట్టు అరుగు మీదా, కొబ్బరి రాశుల దగ్గరా రాజకీయం మాట్లాడుకోవడం తరతరాలుగా ఉన్నదే; పగలంతా గొంతు చించుకుని వాదించుకున్నవాళ్ళు సాయంత్రం ఒకే పంటు మీద గోదావరి దాటి ఇళ్ళకు చేరేవారు. ఒక ఊరు హింసకు ఎంత దగ్గరలో ఉందో తెలుసుకోవాలంటే అక్కడ జనం ఏమి మాట్లాడుతున్నారో వినడం కంటే, ఏయే పనులు కలిసి చేయడం మానేశారో చూడడం ముఖ్యం. పార్టీ మారినందుకు ఎవరినైనా పనిలోకి పిలవడం మానేశారా, కౌలు తీసేశారా, బోదెలో నీళ్ళు ఆపారా, పెళ్ళికి శుభలేఖ ఇవ్వలేదా, కిరాణా కొట్టులో అరువు ఇవ్వడం ఆపేశారా అని నేను ముందుగా విచారించేవాణ్ణి. రాకపోకలు తెగిన తరువాత చెయ్యి లేవడానికి ఎక్కువ కాలం పట్టదు.

దీనికి మన కోస్తా చరిత్రలోనే సాక్ష్యం ఉంది. కృష్ణా డెల్టాలోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా జూలై మొదట్లో వచ్చింది. హత్యలకు ముందు నెల రోజుల పాటు ఊళ్ళో సాంఘిక బహిష్కరణ నడిచింది, దళితులను పనుల్లోకి పిలవడం మానేశారు. పోలీసు పికెట్ ఉండగానే అంత ఘోరం జరిగింది. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించగా, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. మన డెల్టాలోనే, భీమవరానికి దగ్గరలోని గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం ఎక్కడ ఉండాలన్న వివాదం, కూలిపనులు ఆపేయడం, కౌలు భూములు వెనక్కి తీసుకోవడం దాకా వెళ్ళింది. సంగతి రాష్ట్రమంతా తెలిసి, నాయకులూ అధికారులూ వరుసగా ఆ ఊరికి వచ్చిన తరువాతనే రాజీ మాటలు మొదలయ్యాయి. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ ద్వారా స్పష్టంగా నేరంగా చేర్చారన్న విషయం చాలా గ్రామాల్లో ఇప్పటికీ తెలియదు. "మా పొలం, మా ఇష్టం, ఎవరినైనా పిలుచుకుంటాం" అని ధైర్యంగా చెప్పేవారు చట్టం ఎంత దూరం వచ్చిందో తెలుసుకోవాలి.

ఈ రెండు ఉదాహరణలూ కులానికి సంబంధించినవి కదా, మా ఊరి తగాదా పార్టీలది కదా అని మీరు అడగవచ్చు. నా అనుభవంలో డెల్టాలో అసలు ప్రమాదం ఈ రెండూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడే మొదలవుతుంది. ఒక వీధి అంతా ఒక కులం, ఆ కులమంతా ఒక పార్టీ, ఆ పార్టీ వారందరికీ ఒకే వాట్సాప్ గ్రూపు, ఒకే కాఫీ హోటలు అయిపోతే, అవతలి వీధిలో ఏమి జరుగుతున్నదో చెప్పేవారు ఉండరు, కుర్రవాళ్ళు బయలుదేరితే భుజం పట్టుకుని ఆపే బంధువూ ఉండడు. పార్టీ గీత కులాల మధ్య నుంచీ, కుటుంబాల మధ్య నుంచీ పోయినంత కాలం ఊరికి రక్షణ ఉంటుంది. అందువల్ల మీకు బాధ కలిగిస్తున్న విషయమే, అంటే మీ తమ్ముడూ బాబాయిగారి అబ్బాయీ చెరొక పార్టీలో ఉండడమే, మీ ఊరికి మంచి సూచన. వారిద్దరినీ ఒకే పార్టీలోకి తేవాలని మీ ఇంట్లో ఎవరైనా పట్టుబడుతుంటే దయచేసి మానిపించండి. వారు వేరు వేరు పార్టీల్లో ఉంటూనే ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసేటట్టు చూడడం మీ ఇంటి ఆడవారి చేతిలో ఉన్న పని. అవతలి గుంపు రాత్రి ఏమి అనుకున్నదో తెల్లవారేసరికి ఇవతలికి చేరే దారి ఆ ఇద్దరే.

గీతలు కలిసిపోతే ఏమవుతుందో 1988 డిసెంబరులో చూశాం. వంగవీటి మోహన రంగాను 26వ తేదీన విజయవాడలో నిరాహార దీక్షలో ఉండగా హత్య చేశారు. చంపింది కొందరు వ్యక్తులు, చనిపోయింది ఒక శాసనసభ్యుడు. కానీ ఆ తరువాతి రోజుల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి గోదావరి జిల్లాల దాకా దుకాణాలు, ఇళ్ళు తగలబడినప్పుడు, తగలబెట్టినవారు యజమాని ఎవరి మనిషి అని అడగలేదు, ఏ కులం అని మాత్రమే చూశారు. హత్యతో ఏ సంబంధమూ లేని వ్యాపారుల జీవితకాలపు సంపాదన ఒక్క పూటలో బూడిదైంది. కొన్ని కుటుంబాలు ఊరే మార్చుకున్నాయి. ఆ మంటల జ్ఞాపకం రెండు పెద్ద కులాల మధ్య ఒక తరం పాటు నిలిచిపోయి, ఆ తరువాత వచ్చిన ప్రతి ఎన్నికలోనూ ఎవరో ఒకరికి పనికి వచ్చింది.

మీకు దగ్గరగా జరిగిన 2022 అమలాపురం సంఘటనను కూడా ఈ దృష్టితోనే చూడమని కోరుతున్నాను. ఆ ఏడాది ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న ప్రభుత్వం జిల్లా పేరును డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా మార్చే ప్రాథమిక ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు తెలపడానికి 30 రోజుల గడువు పెట్టింది. ప్రధాన పార్టీలేవీ ఆ పేరును బహిరంగంగా వ్యతిరేకించలేదు. అయినా మే 24న, ఇంకా గడువు ఎంతో మిగిలి ఉండగానే, నిషేధాజ్ఞలను దాటి వచ్చిన గుంపులు ఒక మంత్రి ఇంటినీ, ముమ్మిడివరం శాసనసభ్యుడి ఇంటినీ, బస్సులనూ తగలబెట్టాయి; పోలీసులకు రాళ్ళ దెబ్బలు తగిలాయి. కాగితం మీద పార్టీల మధ్య భేదమే లేని విషయంలో అంత హింస జరిగింది. మరునాటి నుంచి మాత్రం అది పూర్తిగా పార్టీల తగాదాగా మారిపోయి, చేయించింది మీరంటే మీరని నాయకులు ఒకరినొకరు నిందించుకున్నారు. జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయి, ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవారు పక్క జిల్లాలకు వెళ్ళవలసి వచ్చింది. జూన్‌లో మంత్రివర్గం అదే పేరును ఆమోదించింది. తగలబెట్టినందువల్ల ఆ నిర్ణయం మారలేదు. కేసులు మాత్రం కుర్రవాళ్ళ మీద పడ్డాయి.

దీని పక్కన అదే కోనసీమలో 2011లో జరిగినదాన్ని పెట్టి చూడండి. గిట్టుబాటు ధర లేదని రైతులు ఆ సార్వాకు, అంటే ఖరీఫ్ వరికి, పంట విరామం ప్రకటించి చేలను బీడు పెట్టారు. కోపం చిన్నది కాదు, నష్టమూ చిన్నది కాదు, కూలీలకు ఆ ఏడాది పని దొరకక కష్టమైంది కూడా. అయినా ఆ ఉద్యమం శాంతంగానే సాగి, ప్రభుత్వం ఆ సమస్యను పరిశీలించడానికి మోహన్ కందా కమిటీని వేసేదాకా తెచ్చింది. రైతు సంఘాల్లో అన్ని పార్టీల వారూ కలిసి కూర్చున్నారు, ఎవరితో మాట్లాడాలో ప్రభుత్వానికి తెలుసు, ఎవరు మాట ఇస్తే అది నిలుస్తుందో రైతులకు తెలుసు. జనానికి ఎంత కోపం ఉందన్నదాని కంటే ఆ కోపాన్ని మోసే సంఘం ఎలాంటిదన్నది ముఖ్యమని నేను నమ్ముతాను.

రాజనీతి శాస్త్రవేత్తలు చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. అశుతోష్ వార్ష్నేయ్ 1950 నుంచి 1995 వరకు దేశంలో జరిగిన హిందూ ముస్లిం ఘర్షణలను పరిశీలించి, అవి దేశమంతా సమంగా లేవనీ, కొద్ది నగరాల్లోనే పదే పదే జరిగాయనీ చూపించారు. రెండు మతాల వారూ కలిసి నడిపే వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు ఉన్న చోట వదంతి పుట్టినా పెరగలేదు. గ్రామాల్లో అయితే రోజువారీ ఇరుగుపొరుగు సంబంధాలే ఆ పని చేస్తాయని ఆయన అంటారు. అమెరికాలో పార్టీల పగ మీద జరిగిన పరిశోధనలో మరొక విషయం తేలింది: అవతలి పార్టీ వారు హింసను ఎంతగా సమర్థిస్తున్నారో అని జనం ఊహించుకునేది అసలు కంటే చాలా ఎక్కువ, అసలు సంగతి తెలిసినప్పుడు వారిలోనూ హింస పట్ల మొగ్గు తగ్గుతుంది. ఆ దేశపు లెక్కలను మన ఊరికి అతికించమని నేను చెప్పడం లేదు. కానీ "వాళ్ళు కర్రలు సిద్ధం చేసుకున్నారట" అన్న మాట విని ఇవతలివారు కర్రలు సిద్ధం చేసుకోవడం, వెళ్ళి చూస్తే అవతల ఏమీ లేకపోవడం నేను శాంతి కమిటీల్లో ఎన్నోసార్లు చూశాను.

ఒక సందర్భం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఊరికి పనికివచ్చేది అందులో ఉంది. మధ్య డెల్టాలో ఒక గ్రామం. పంచాయతీ ఎన్నికల తరువాత రెండు పార్టీల వారూ మాట్లాడుకోవడం మానేశారు. దాళ్వా వరి, అంటే రెండవ పంట, పొట్ట దశలో ఉంది, కాలువకు వంతులవారీగా నీరు ఇస్తున్నారు. ఎగువ చేలవారు ఒక పార్టీ, శివారు చేలవారు రెండవ పార్టీ. ఒక రాత్రి ఎగువన ఎవరో తూము పలకకు అడ్డంగా ఇసుక బస్తాలు వేసి, పైన గడ్డి కప్పారు. శివారువారు టార్చిలైట్లు, పారలు పట్టుకుని గట్టు వెంబడి బయలుదేరారు. కాలువ నీటిని చూసుకునే లస్కరు ఫోను చేస్తే నేనూ, ఎస్సై గారూ, నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారూ వెళ్ళేసరికి అర్ధరాత్రి దాటింది, గట్టు మీద ఇరవై అడుగుల ఎడంలో రెండు గుంపులు నిలబడి ఉన్నాయి. అక్కడ పార్టీ మాట ఎత్తితే తెల్లవారేదాకా తేలదు. ఏఈ గారు ఏ తూము కింద ఎన్ని ఎకరాలు, ఎన్ని గంటల నీరు అని జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టారు. గంటలు లెక్కవేస్తుంటే రెండు వైపులా రైతులు దగ్గరికి వచ్చి, "మా తూముకు ఆ లెక్క చాలదండి" అంటూ వేళ్ళతో చూపించసాగారు. కాసేపటికి అక్కడ రెండు పార్టీల గొడవ పోయి పన్నెండు తూముల లెక్క మిగిలింది. తెల్లవారుజామున ఇద్దరు పెద్దలు సంతకాలు చేశారు. బస్తాలు తీసింది ఎగువవారే. ఆ కాగితాన్ని నీటి సంఘం గోడకు అంటించాం. రాత్రిపూట తూము దగ్గర ఇద్దరు కాపలా ఉండాలని, ఒకరు ఎగువ నుంచి, ఒకరు శివారు నుంచి అని వారే నిర్ణయించుకున్నారు. ఆ పంట కోసేదాకా ఆ ఊరి నుంచి మరొక ఫిర్యాదు రాలేదు.

మీ ఊళ్ళోనూ ఇలాంటి ఉమ్మడి పనులు ఏమి మిగిలి ఉన్నాయో ముందు చూసుకోండి. నీటి సంఘం, సహకార సంఘం, పొదుపు సంఘాలు, గుడి ఉత్సవ కమిటీ, చర్చి కమిటీ, బడి తల్లిదండ్రుల కమిటీ, ఇవన్నీ ఒక పార్టీవారితోనే నిండిపోయాయా, లేక రెండు వైపుల వారూ ఇంకా వస్తున్నారా? కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ళ ప్రభలు, అంటే దేవుడి పేర అలంకరించి భుజాల మీద మోసుకువచ్చే ఎత్తైన కట్టడాలు, వస్తాయి. పచ్చని చేలలోంచి ప్రభను మోసుకుపోతుంటే పైరు తొక్కుడైందని ఏ రైతూ అభ్యంతరం చెప్పడు. అలాంటి పనిలో ప్రభ కొయ్య పట్టేవారిని పార్టీని బట్టి ఎంచడం మొదలైతే అప్పుడు నిజంగా కంగారు పడాలి. పొదుపు సంఘాల ఆడవారు ఈ విషయంలో మగవారి కంటే ముందుంటారు, వారం వారం డబ్బు లెక్క చూసుకోవాలి కనుక వారు మాటలు మానుకోలేరు.

అధికారులు పెట్టే శాంతి కమిటీల గురించి కూడా నిజం చెప్పాలి. గొడవ జరిగాక తహసీల్దారు కార్యాలయంలో కుర్చీలు వేసి, టీలు ఇచ్చి, చేతులు కలిపించి ఫొటో తీసే కమిటీ వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. మహారాష్ట్రలోని భివండీలో 1984లో ఘోరమైన మత ఘర్షణలు జరిగాయి. ఆ తరువాత సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి 1988 నుంచి వాడవాడలా రెండు మతాల వారితో కమిటీలు వేసి, గొడవ లేని రోజుల్లో కూడా క్రమంగా కూర్చోబెట్టారు. 1992-93లో పక్కనే బొంబాయి తగలబడుతున్నప్పుడు భివండీ ప్రశాంతంగా ఉంది. మీ ఊళ్ళో కమిటీ వేయమని అడగదలిస్తే ఇప్పుడే అడగండి, నాయకుల పేర్లతో కాకుండా, రెండు వైపులా మాట చెల్లే మామూలు మనుషుల పేర్లు ఇవ్వండి.

ఇక ఫ్లెక్సీ, విగ్రహం, ఊరేగింపు అన్నవి డెల్టాలో నిప్పు అంటుకునే మూడు చోట్లు. మూడింటికీ అనుమతి అవసరం. రహదారుల మీద, రాకపోకలకు అడ్డమయ్యే ప్రభుత్వ స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే చెప్పింది. మీ వంతెన దగ్గర ఫ్లెక్సీకి పంచాయతీ అనుమతి ఉందా అన్నదాన్ని రెండు పార్టీల ఫ్లెక్సీలకూ ఒకేలా అడగాలి. అనుమతి లేనివన్నీ ఒకే రోజు, ఒకే సిబ్బంది చేత తీయించడం సగం గొడవను ఆపుతుంది. ఒక పార్టీవి మాత్రమే తీస్తే తీయకపోవడమే మేలు.

బైండోవర్ అంటే భయపడనక్కరలేదు. శాంతికి భంగం కలిగిస్తారన్న అనుమానం ఉన్నవారిని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందుకు పిలిచి, వారి వాదన విని, గరిష్ఠంగా ఏడాది పాటు శాంతిగా ఉంటామని పూచీ రాయించుకోవడం అది. పాత చట్టంలో 107 సెక్షన్, 2024 జూలై నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 126. ఇది శిక్ష కాదు. కానీ అధికార పార్టీ వారిని వదిలి ప్రతిపక్షం వారినే పిలిస్తే ఈ పద్ధతే కొత్త పగకు కారణమవుతుంది. ఆ ఒత్తిడి ఎలా వస్తుందో నాకు తెలుసు, దానికి లొంగిన మండలాల్లో ఏమి జరిగిందో కూడా తెలుసు.

శిక్ష పడకపోవడం గురించి ఒక మాట. 2016 జనవరి 31న తునిలో రిజర్వేషన్ సభ తరువాత రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ను తగలబెట్టారు. అదృష్టవశాత్తూ ప్రయాణికుల ప్రాణాలు పోలేదు. 2023 మేలో విజయవాడ రైల్వే కోర్టు ఆ కేసును కొట్టివేసింది. నిందితులుగా ఉన్నవారు నేరం చేయలేదని కోర్టు చెప్పినప్పుడు దాన్ని గౌరవించాలి. కానీ పట్టపగలు, వేలమంది చూస్తుండగా రైలు కాలినా ఎవరు కాల్చారన్నది తేలకపోతే, తరువాతి గుంపులోని కుర్రవాడికి అందే సందేశం ఏమిటో దర్యాప్తు చేసేవారు ఆలోచించాలి. మరోవైపు, గుంపులో వెనక నిలబడి సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకున్నవాడే తరచుగా ముందుగా దొరుకుతాడు, ఎందుకంటే ఆ వీడియోలోనే అతని ముఖం, అతని స్నేహితుల ముఖాలు ఉంటాయి.

మీ తమ్ముడికి ఈ మాట మీరే చెప్పండి. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చని 1967 నాటి పాస్‌పోర్టు చట్టమే చెబుతున్నది. కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళి కుటుంబాన్ని నిలబెట్టాలనుకునే కోనసీమ కుర్రవాడికి ఇది ఎంత పెద్ద నష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఏ నాయకుడి ఫ్లెక్సీ కోసం అతను రాత్రిళ్ళు తిరుగుతున్నాడో ఆ నాయకుడు రేపు పార్టీ మారితే ఆ కేసు మాత్రం ఇతనితోనే ఉండిపోతుంది. అతను ఉన్న వాట్సాప్ గ్రూపులో అవతలి కులాన్నో మతాన్నో పేరు పెట్టి తిట్టే సందేశాలు వస్తుంటే, వాటిని ముందుకు పంపడం కూడా నేరమే అవుతుందని చెప్పండి. అడ్మిన్ మీకు తెలిసినవాడైతే రాత్రి పది తరువాత గ్రూపులో అడ్మిన్ ఒక్కడే రాసేటట్టు సెట్టింగు మార్చమని అడగండి. రెచ్చగొట్టే పోస్టుల్లో చాలా భాగం ఆ వేళల్లోనే వస్తాయి.

మోటారు సైకిళ్ళ గుంపులు మళ్ళీ తిరిగితే ఆలస్యం చేయకుండా స్టేషన్ హౌస్ ఆఫీసరుకూ, తహసీల్దారుకూ ఒకే దరఖాస్తు ఇవ్వండి. అందులో తేదీలు, వేళలు, ఎక్కడెక్కడ తిరిగారు, చించిన ఫ్లెక్సీ ఎక్కడిది అన్నవి మాత్రమే రాయండి. ఎవరి పార్టీది తప్పు అన్న మాట రాయవద్దు. సంతకాలు రెండు పార్టీల కుటుంబాల నుంచీ, వీలైతే మూడు నాలుగు వీధుల నుంచీ ఉండాలి. మీ బాబాయిగారి ఇంటి నుంచి కూడా ఒక సంతకం తీసుకోండి. ఒకే వీధి సంతకాలతో వచ్చిన దరఖాస్తును అధికారి ఎంత మంచివాడైనా ఒక పక్షం ఫిర్యాదుగానే చూస్తాడు, రెండు వైపుల సంతకాలున్న కాగితాన్ని పక్కన పెట్టడం అతనికి కష్టం. నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి, వారం లోపల ఎవరూ ఊళ్ళోకి రాకపోతే ఆ నకలుతో సోమవారం కలెక్టరేటులో జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్ళండి.